ఈరక్క లోపలి వెలుగు

పావగడ వెళ్ళొచ్చానని చెబితే “సోలార్ పార్కు చూడ్డానికా?” అని అడిగారు మా ఇంట్లోవాళ్ళు. సోలార్ పార్కూ చూశాను. కానీ నేను వెళ్ళింది ఒక మనిషి ముఖం చూడ్డానికి. ఆమె చంక లోపలి భాగాన్ని అంతకు ఏడాది ముందే చూశాను. ముఖం మాత్రం చూడలేదు.

ఇదెలాగో ముందు చెప్పాలి. నేను బెంగళూరులో ఒక ప్రయోగశాలలో పనిచేస్తాను. ఒంట్లోకి పంపితే వెలిగే అతి చిన్న రేణువులు తయారుచేయడం మా పని. టార్చి మీద అరచెయ్యి పెట్టి చూస్తే వేళ్ళు ఎర్రగా కనిపిస్తాయి కదా. మామూలు వెలుతురులో ఆ ఎరుపొక్కటే కాస్త దూరం మాంసాన్ని దాటి రాగలదు. ఎరుపుకు అవతల మన కంటికి ఆనని వెలుగు ఒకటి ఉంది, పరారుణం అంటారు. అది ఇంకాస్త లోతు నుంచి కూడా బయటికి వస్తుంది. ఆ వెలుగులో మెరిసే మందును ఒంట్లోకి ఎక్కించి ప్రత్యేకమైన కెమెరా పట్టుకుంటే, కత్తి పెట్టకముందే లోపల ఏది ఎక్కడుందో తెరమీద తెలుస్తుంది.

మా రేణువులు ఇంకా ఎలుకల దగ్గరే ఉన్నాయి. మా కెమెరాను మాత్రం ఒక ఆసుపత్రిలో రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్లలో పరీక్షించారు, వైద్యులు ఎన్నో ఏళ్ళుగా వాడుతున్న ఆకుపచ్చ రంగు మందుతో. రొమ్ము దగ్గర ఎక్కించిన ఆ మందు సన్నటి కాలువల్లో ప్రయాణించి చంకలోని మొదటి గ్రంథికి చేరుతుంది. జబ్బు పాకితే ముందు పాకేది అక్కడికే. ఆ గ్రంథిని తీసి చూస్తే మిగతావాటిని కదిలించాలో వద్దో తెలుస్తుంది.

ఆ రోజు కెమెరా పట్టుకున్నది నేను. పచ్చ గుడ్డల మధ్య జానెడు చర్మం తప్ప నాకేమీ కనిపించలేదు. తెరమీద ఒక గీత మెల్లగా పాకుతూ వెళ్ళి, చంక దగ్గర చుక్కలా వెలిగింది. అన్నేళ్ళు ఎలుకల్లో చూసినదాన్ని మొదటిసారి మనిషిలో చూశాను. ఆ మనిషి ఈరక్క, పావగడ తాలూకా రాయచెర్లు.

ఈరక్క ఆరు నెలల తనిఖీకి రాలేదు. ఏడాది తనిఖీకీ రాలేదు. ఇచ్చిన ఫోను నంబరు పనిచేయడం లేదు. పట్టికలో ఆమె పేరు ఎదురుగా ‘జాడ లేదు’ అని రాసేద్దామన్నారు ఒకరు. ఆపరేషన్ చేసిన డాక్టరమ్మకు అది నచ్చలేదు. “ఆమెది తెలుగే, నీదీ తెలుగే. ఒకసారి వెళ్ళి చూసి రాకూడదా?” అన్నారు నాతో. అలా బయల్దేరాను. ఇందులో ఆమె పేరు అసలుది కాదు. మిగతాదంతా ఆమెను అడిగే రాస్తున్నాను.

పావగడ

శనివారం బయల్దేరడం నా తప్పు. పావగడలో శనీశ్వరుడి గుడికి వెళ్ళేవాళ్ళతో బస్సు కిక్కిరిసింది. సగం దారి నిలబడ్డాను. భుజాన కెమెరా సంచీ. దాన్ని ఎందుకు తెచ్చానంటే ల్యాబులో వదిలేస్తే ఎవరైనా లెన్సు మీద వేలు పెడతారని, అంతే. మధుగిరి దాటాక ఒక పెద్దావిడ తన మనవరాలిని ఒళ్ళోకి లాక్కుని నాకు జాగా ఇచ్చింది.

“యాడికి పోతాండావు మా? దేవునికా?”

“కాదండీ, రాయచెర్లు.”

“పలకలు చూసేకా!” అందావిడ. సోలార్ ప్యానెళ్ళను అక్కడ పలకలంటారు.

నాది కాకినాడ దగ్గర పల్లెటూరు. బోర్డులన్నీ కన్నడంలో ఉండి, మాటలన్నీ తెలుగులో ఉన్న ఊరు నాకు కొత్త. మాకు ‘ఉంది’ అయితే వాళ్ళకు ‘ఉండాది’. మేము ‘ఎక్కడ’ అంటే వాళ్ళు ‘యాడ’. మొదటి గంట చెవులు రిక్కించి విన్నాను. సాయంత్రానికి ఆ మాట నాకు ఇష్టమైపోయింది. ప్రతి వాక్యం చివరా ఒక ‘అప్పా’నో ‘మా’నో చేర్చి, ముక్కూమొహం తెలియని మనిషిని కూడా ఇంటి మనిషిని చేసేస్తారు.

బస్టాండు పక్కన చిన్న మెస్సులో సంగటి తిన్నాను. యాభై రూపాయలకు రాగి ముద్ద, అలసందల పులుసు, చెనిక్కాయల ఊరిబిండి. వేరుశనక్కాయల పచ్చడిని అలా అంటారు. అన్నం అలవాటున్న నేను ముద్దను కొరికి నమలడం మొదలుపెట్టాను. అది పళ్ళకు అతుక్కుపోయి నోరు పెగలడం లేదు. వడ్డించే ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుని కాసేపు నా అవస్థ చూసింది.

“నమలద్దు మా. పులుసులో అద్దుకోని మింగేయల్ల. నమిలితే రేపు పొద్దుటి దాకా తింటానే ఉంటావు.”

గ్లాసులో నీళ్ళు పోసుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది. “అవి బోరు నీళ్ళు. ఫ్లోరైడు ఉండాది, ఎముకలకు చెడ్డది. ఉండు, ఫిల్టరు నీళ్ళు తెస్తా.” మా ఊళ్ళో నీళ్ళంటే వరదలొస్తాయని భయం. ఇక్కడ తాగే ప్రతి గుక్కనూ ఇది ఏ నీళ్ళని అడిగి తాగుతారు.

రాయచెర్లు

మర్నాడు ఉదయం మరమరాలతో చేసే ఉగ్గాని, బజ్జీ తిని షేర్ ఆటో ఎక్కాను. డ్రైవరు పేరు రామాంజప్ప. తక్కినవాళ్ళంతా దారిలో దిగిపోయాక అద్దంలోంచి నన్ను చూసి, “కంపెనీ వాళ్ళా?” అన్నాడు. కాదని, ఒకామెను వెతుక్కుంటూ వచ్చానని చెప్పాను.

మలుపు తిరగ్గానే దూరంగా నీళ్ళు కనిపించాయి. నీటి మధ్య పుట్టి పెరిగినదాన్ని కదా, “ఇంత పెద్ద చెరువుందా!” అనేశాను.

రామాంజప్ప నవ్వాడు. “అవి పలకలు మేడం. కొంగలు గూడ దిగుతాయి నీళ్ళనుకోని. దిగి, ఇట్ల చూసి, ఎగిరిపోతాయి.”

దగ్గరికి వెళ్తే రోడ్డుకు రెండువైపులా వరసలు వరసలుగా నల్లటి ప్యానెళ్ళు, అన్నీ ఒకే వాలుగా. వాటి మధ్యలో మామూలు ఊరు. గడపల్లో ముగ్గులు, ఆరబోసిన వేరుశనగ కాయలు, బైకులు. భూములు కౌలుకిచ్చిన ఇళ్ళు, ఇవ్వని ఇళ్ళు పక్కపక్కనే ఉన్నాయి. కంచె బయట మిగిలిన సన్నటి పట్టీలో ఒకాయన మేకలు మేపుకుంటున్నాడు.

ఈరక్క ఇంటి తలుపు తీసింది ఆమె కోడలు భాగ్య. పాతికేళ్ళ లోపే ఉంటుంది. చంకన ఎనిమిది నెలల పాప. ఆసుపత్రి నుంచి అనగానే మొహం తెల్లబోయింది.

“అత్తకు మళ్ళీ వచ్చిందా అక్కా ఆ జబ్బు?”

“లేదు లేదు, అలాంటిదేం లేదు. తనిఖీకి రాలేదని వచ్చాను. ఆవిడ ఉన్నారా?”

“ఈడ లేదు. నిడుగల్లులో చిన్నత్త ఇంట్లో ఉండాది. బిడ్డ పుట్టినప్పటి నుంచీ ఆడే.”

భర్త నాగరాజు పార్కులో ప్యానెళ్ళు కడిగే పనికి వెళ్ళాడని, ఫోను పోయి నంబరు మారిందని చెప్పి, చాప వేసి, ఉడికించిన వేరుశనక్కాయలు ముందు పెట్టింది. పాప నా చున్నీ కొస పట్టుకుని నోట్లో పెట్టుకుంది. మా వైపు ఇళ్ళకు వెళ్తే ముందు కాఫీ, తర్వాత ప్రశ్నలు. ఇక్కడ ముందు కాయలు, అవి ఒలుస్తుంటే ప్రశ్నల అవసరం లేకుండానే మాటలు వచ్చేస్తాయి.

“మా గొర్లకు ఈడ మేత లేదు అక్కా, భూమంతా పలకల కింద ఉండాది. అందుకని నిడుగల్లులో మేపుకుంటా అని పోయె అత్త. అది సాకు. నాకు తెలుసు.” భాగ్య ఒక కాయను చాలాసేపు ఒలిచింది. “ఈ బిడ్డను ఒక్క దినం గూడ ఎత్తుకోలేదు. పండగకు వచ్చె, ఆ గుమ్మం కాడ నిలబడి చూసె. గౌన్లు పంపిస్తాది, వెండి మొలతాడు పంపిచ్చె. దగ్గరికి మాత్రం రాదు.”

“ఎందుకని?”

“ఎందుకని అంటే... ఆడపిల్ల కదా.”

ఇంకొకరి ఇంటి బాధను ఇలా కాయలు తింటూ వినేశానే అని సిగ్గేసింది. బయల్దేరుతుంటే ఆ అమ్మాయి నా సంచీలో రెండు దోసిళ్ళ కాయలు పోసి, “అత్తను చూస్తే, బిడ్డకు రెండు పండ్లు వచ్చినాయని చెప్పు” అంది.

నిడుగల్లు

ఆ మధ్యాహ్నమే రామాంజప్ప నన్ను నిడుగల్లు తీసుకెళ్ళాడు. కొండ, కొండ మీద పాత కోట గోడలు, కింద ఎర్రటి చేలు. వేరుశనగ పీకే రోజులు. చేలల్లో ఆడవాళ్ళు వంగి మొక్కలు లాగుతున్నారు. వాళ్ళలో ఒకామె ఈరక్క చెల్లెలు. అడిగితే నడుం ఎత్తకుండానే కొండవైపు చెయ్యి చూపించింది.

గొర్రెలు కనిపించాయి ముందు. తర్వాత బండమీద కూర్చున్న మనిషి. బక్కపలచగా, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, పక్కన మడిచిన గొంగళితో. ఎడమ చేతిని కుడిచేత్తో పట్టుకుని ఉంది, నొప్పి ఉన్నవాళ్ళు పట్టుకున్నట్టు. ముఖం నేను ఊహించుకున్నది కాదు. నేను ఊహించుకున్న ముఖం ఎవరిదో, ఎందుకలా ఊహించానో ఇప్పటికీ తెలీదు.

“ఈరక్క అంటే మీరేనామ్మా? నేను బెంగళూరు ఆసుపత్రి నుంచి వచ్చాను.”

ఆమె తలెత్తి నా కళ్ళకేసి కాక నోటికేసి చూసింది.

“ఇంకొకసారి మాట్లాడు.”

“ఏం మాట్లాడను?”

“ఏమైనా. మీ ఊరేంది, చెప్పు.”

మా ఊరి పేరు చెప్పాను. ఎలా వచ్చానో చెప్పాను. నిన్నటి సంగటి సంగతి కూడా చెప్పాను. ఆమె కళ్ళు మూసుకుని విన్నది.

“నువ్వే. ఆ గొంతు నీదే.”

“ఏ గొంతమ్మా?”

“ఆపరేషన్ అయినాక నన్ను బండిమీద తోసకపోతాండారు. కండ్లు తెరుచుకోవు, చెవులు మాత్రం వినిపిస్తాండాయి. అందురూ కన్నడమో ఇంగ్లీషో మాట్లాడతాండారు. పక్కన ఒక పాప తెలుగులో చెప్తాంది ఎవురికో. ‘లోపలంతా దీపం పెట్టినట్టు వెలిగిపోయింది, ఇంక ఎప్పటికీ ఆరదేమో అనిపించింది’ అని. మా తెలుగు గాదు అది. సినిమాలో మాదిరి తెలుగు. నేను ఒక్క మాట గూడ మర్చిపోలేదు.”

నేను అలా అన్నాను. నాకు గుర్తుంది. కెమెరా పెట్టెను తీసుకుని బయటికొస్తూ, గుంటూరు నుంచి వచ్చిన మా సహోద్యోగితో అన్నాను. నా జీవితంలో మంచి రోజుల్లో అదొకటి. సంతోషం పట్టలేక వాగాను. పక్కన వెళ్తున్న బండిమీద మనిషి ఉందని తెలుసు, ఆ మనిషి వింటుందని తోచలేదు. తెలుగులో మాట్లాడితే అక్కడెవరికీ అర్థంకాదన్న ధీమా కూడా ఉంది.

ఆ బండమీదే ఆమె పక్కన కూర్చున్నాను.

ఈరక్క తనకు తాను చెప్పుకుంటున్నట్టు చెప్పుకుపోయింది. ఇంటికొచ్చాక చూసుకుంటే కుట్ల పక్కన చర్మం ఆకుపచ్చగా ఉంది. సున్నిపిండితో రుద్దింది, పోలేదు. కొన్నాళ్ళకు పైన పోయింది కానీ లోపలికి దిగిందనుకుంది. తర్వాత ఎడమ చెయ్యి బరువెక్కింది, గాజులు బిగుతయ్యాయి. ఆ వెలుగు చేతిలోకి వస్తోందనుకుంది.

“ఆస్పత్రిలో ఎక్స్‌రే గది కాడ బోర్డు ఉండాది. కడుపుతో ఉన్నోళ్ళు, చిన్నబిడ్డలు రావద్దని. నాకు సదువు రాదు, బొమ్మ ఉండాది. భాగ్యకు అప్పుడు అయిదో నెల. ఆ బోర్డు నా కండ్ల ముందే ఉండాది. రోంత సేపు ఉండే వెలుగుకే బిడ్డల్ని రానీకుంటే, ఆరకుండా ఉండే వెలుగును ఒంట్లో పెట్టుకోని నేను యా మొహంతో బిడ్డ దగ్గరికి పోయేది?”

“ఇంట్లో ఎవరికైనా చెప్పారా?”

“చెప్తే భాగ్య భయపడి పుట్టింటికి పోతాది. వాడు అప్పు చేసైనా ఇంకో ఆస్పత్రికి తిప్పుతాడు. నేను దూరంగా ఉంటే సరిపోతాది గదా అనుకున్నా.”

“మమ్మల్ని అడగాల్సిందమ్మా.”

“ఎవుర్ని అడగల్ల?” అంది ఈరక్క, కోపం లేకుండా. “వస్తారు, ‘అంతా బాగుండాది’ అంటారు, పోతారు. మీరే అన్నారు గదా ఆరదని. ఇంక అడిగేకి ఏముండాది?”

చేతులు పట్టుకున్నాను. ఏదో సర్దిచెప్పాలని నోరు తెరిచి, సర్దిచెప్పకూడదని తోచి, జరిగిందే చెప్పాను. అది ఎక్స్‌రే కాదని, ఒట్టి రంగని. పక్కవాళ్ళకు ఎప్పుడూ ఏ హానీ చేయదని. నెత్తుట్లో కలిసినదాన్ని కాలేయం గంటల్లో పట్టుకుని పేగుల్లోకి పంపేస్తుందని, చర్మం కింద మిగిలింది రోజుల్లోనో, మహా అయితే వారాల్లోనో పోతుందని. చెయ్యి బరువెక్కింది గ్రంథులు తీసినందువల్లని, దానికి మర్దన ఉందని. ఈ సంగతులన్నీ ఆమె సంతకం పెట్టిన కాగితాల్లో ఉన్నాయి. ఆమె పెట్టింది వేలిముద్ర. ఆ కాగితాలు ఆమెకు ఎవరూ చదివి వినిపించలేదు. “నేను ఆ రోజు అన్నమాట సంతోషంలో అన్నది. తప్పు నాది. క్షమించండమ్మా.”

ఒక గొర్రె చేనువైపు మళ్ళితే ఈరక్క లేచి వెళ్ళి అదిలించి వచ్చింది. వచ్చి నిలబడే అడిగింది.

“నోటితో చెప్పిందాన్ని నోటితోనే గాదంటాండావు. కండ్లకు చూపిస్తావా?”

గొంగళి కింద

చూపించొచ్చు. కెమెరా భుజానే ఉంది. దాన్ని సరిచూసుకోవడానికి వాడే చిన్న సీసా కూడా ఉంది, లోపల అదే ఆకుపచ్చ మందు, గట్టిగా మూసి. కానీ పావగడ ఎండలో అది అయ్యే పనేనా! ఎండలో కూడా పరారుణం నిండా ఉంటుంది. కెమెరా తెరిస్తే తెరంతా తెల్లగా కాలిపోయింది.

ఊళ్ళోకి వచ్చి వాళ్ళ చెల్లెలి ఇంట్లో తలుపులన్నీ వేశాం. రేకుల కప్పు, మేకుల కంతలు. ఒక్కో కంతలోంచి ఒక్కో ఎండ కర్ర. మళ్ళీ తెరంతా తెలుపు. ల్యాబులో మీట నొక్కితే చీకటవుతుంది. చీకటి కూడా ఒక సౌకర్యమని నాకు ఆ రోజే తెలిసింది.

“ఉండు” అని ఈరక్క గొంగళి విప్పింది. ఇద్దరం నేలమీద ఎదురెదురుగా కూర్చుని నెత్తిమీదుగా కప్పుకున్నాం. ఉన్ని వాసన, పొగ వాసన, గొర్రెల వాసన. ఉక్కకు ఇద్దరికీ చెమటలు. కెమెరా బ్యాటరీ చూస్తే పావు వంతే మిగిలింది, బస్సులో మీట నొక్కుకుపోయినట్టుంది.

మొదట సీసా పెట్టాను. తెరమీద భగ్గుమంది. ఈరక్క ఉలిక్కిపడి వెనక్కి జరిగింది.

“ఇదేనా?”

“ఇదే. మీకెక్కించింది చెంచాలో పావు వంతు కూడా ఉండదు.”

సంచీలో భాగ్య పోసిన కాయలకు అంటుకుని ఒక పచ్చి ఆకుంది. కెమెరాలో రెండో దీపం వేసి దాన్ని కింద పెట్టాను. ఆకు మెల్లగా వెలిగింది.

“చెనిక్కాయ ఆకు గూడానా!”

“పచ్చటి ఆకు ఏదైనా అంతేనమ్మా. దీపం వేసినప్పుడు వెలుగుతుంది, తీసేస్తే లేదు. గొర్రెలు రోజూ తింటున్నాయి కదా.”

ఆమె నవ్వలేదు కానీ భుజాలు కాస్త దిగాయి. రవిక పక్కకు తొలగించి, చెయ్యి ఎత్తింది. ఆ జానెడు చర్మాన్ని నేను గుర్తుపట్టాను. ఇప్పుడు దానిమీద మానిన గీత ఉంది. కెమెరా పెట్టాను. తెరమీద చీకటి. చంక, భుజం, మోచెయ్యి, బిగుసుకున్న మణికట్టు, వేళ్ళ కొసల దాకా మెల్లగా దించాను. ఎక్కడా ఏమీ లేదు.

“నీ చెయ్యి పెట్టు” అంది. పెట్టాను. నాదీ చీకటే.

“మన ఇద్దురిదీ ఒకటే” అని, కెమెరా తన చేతిలోకి తీసుకుని, తనను తానే ఇంకోసారి మొత్తం చూసుకుంది. రొమ్ము లేని చోట చాలాసేపు ఆపింది. అప్పుడు ఆ తెర వెలుతురులో కళ్ళనీళ్ళు కనిపించాయి. నేను చూడనట్టు ఆకును సర్దుకుంటూ ఉండిపోయాను.

తర్వాత గొంగళి తీయకుండానే అడిగింది, “నువ్వు చేసే మందు గూడ ఇదేనా?”

“కాదమ్మా. మావి వేరే రేణువులు. ఇంకా ఎలుకల్లోనే చూస్తున్నాం. వెలుగు బాగా వస్తుంది.”

“అవి గూడ రెండు దినాల్లో పోతాయా?”

అబద్ధం చెప్పడానికి అక్కడ చోటు లేదు, మోకాళ్ళు తగులుతున్నాయి. “పోవడం లేదు. నెలల తరబడి ఎలుకల కాలేయంలో ఉండిపోతున్నాయి. అందుకే మనుషులకు ఇవ్వడం లేదు.” మేము రాసిన వ్యాసంలో ఆ సంగతి చివరి పేజీలో ఒక్క వాక్యం. వెలుగు గురించి తొమ్మిది పేజీలు.

“అయితే ముందు పోయే దారి చూడు. వెలిగే సంగతి తర్వాత” అంది ఈరక్క. “ఎంత లోతు కనిపిస్తాది దీంట్లో?”

బొటనవేలి మొదటి కణుపు చూపించాను. “చాలా బాగా కుదిరితే ఇంకొంచెం.”

“అంతేనా!” అని ఈసారి నవ్వింది. “నేను ఇంకా మనసు దాకా కనిపిస్తాదేమో అనుకున్నా.”

మళ్ళీ రాయచెర్లు

ఆ రాత్రి నేనూ అక్కడే పడుకున్నాను. పొద్దున్నే రామాంజప్ప ఆటో వచ్చేసరికి ఈరక్క తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, చెల్లెలి ఇంటి అరుగుమీద సిద్ధంగా ఉంది. దారిలో భాగ్య చెప్పమన్న మాట చెప్పాను. ఊరు దగ్గరికొచ్చాక ఆమె, “రెండు పండ్లు వచ్చినాయంటివి గదా, పైనవా కిందవా?” అని అడిగింది.

భాగ్య గుమ్మంలో నిలబడిపోయింది. నేను చెప్పబోతే ఈరక్క నన్ను ఆపి తానే చెప్పింది, బండిమీద విన్న మాట దగ్గర్నుంచి గొంగళి దాకా. భాగ్య పాపను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంటూ విన్నది. ఏడుస్తుందనుకున్నాను. కోప్పడింది.

“నన్ను ఒక్క మాట అడగొచ్చు గదా అత్తా! ఎనిమిది నెలలు నేనేమనుకున్నానో తెలుసా నీకు? ఆడపిల్లని నువ్వు మొహం తిప్పుకున్నావు అనుకున్నా. నీ కొడుకుతో ఎన్నిసార్లు కొట్లాడినానో తెలుసా?”

ఈరక్క ఆ మాటకు నిజంగా బిత్తరపోయింది. “ఆడపిల్లనా? అయ్యో, నాకు ఆడపిల్ల లేదని నేను ఎంత ఏడ్చినానో మీ మామ ఉంటే చెప్పేవాడు గదే!”

భాగ్య ముందుకొచ్చి పాపను అత్త చేతుల్లో పెట్టేసింది.

పాప ఆ కొత్త మొహాన్ని చూసి, ఊపిరి బిగబట్టి, ఊరంతా వినిపించేలా ఏడ్చింది. ఈరక్క గాభరాగా తిరిగి ఇవ్వబోయింది. భాగ్య చేతులు వెనక్కి పెట్టుకుంది. “నేను తీసుకోను. నీళ్ళు కాగినాయి. బిడ్డకు నువ్వే పోయల్ల.”

పెరట్లో బండ ఉంది. ఈరక్క చీర మోకాళ్ళ పైకి దోపుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది. పాపను కాళ్ళమీద బోర్లా పడుకోబెట్టి ఆముదం రాయడం మొదలుపెట్టింది. మా వైపు కూడా అమ్మమ్మలు ఇలాగే పోస్తారు, నూనె వేరు, పాట వేరు. బరువెక్కిన ఎడమ చెయ్యి మొదట తడబడింది. కుడిచెయ్యి దానికి దారి చూపించింది. వీపు, పిరుదులు, మడమలు, చిటికెన వేలు. ఏడుపు ఎక్కిళ్ళలోకి దిగింది. భాగ్య చెంబుతో నీళ్ళు పోస్తుంటే, తిప్పి వెల్లకిలా పడుకోబెట్టి, కళ్ళల్లోకి నీళ్ళు పోకుండా నుదుటిమీద అరచెయ్యి అడ్డం పెట్టింది ఈరక్క. పాప ఆ చేతి వేలు ఒకటి పట్టుకుని, కొత్తగా వచ్చిన పళ్ళతో కొరికింది.

“కిందవే!” అంది ఈరక్క.

బెంగళూరు

వచ్చిన వారమే ల్యాబులో ఇదంతా చెప్పాను, నేనన్న మాటతో సహా. ఒకరిద్దరు తలలు దించుకున్నారు. గుంటూరు సహోద్యోగి తర్వాత వచ్చి, “నేను కూడా నవ్వాను ఆ రోజు” అన్నాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒక పద్ధతి పెట్టారు. మందు ఎక్కించే ముందూ, ఇంటికి పంపే ముందూ, మనిషికి తెలిసిన భాషలో ఒకరు కూర్చుని చెప్పాలి, వాళ్ళ చేత తిరిగి చెప్పించుకోవాలి. మా రేణువుల వెలుగు పెంచే పనిని ఇప్పుడు పక్కన పెట్టాం. పని అయిపోయాక ఒంట్లోంచి బయటికి వెళ్ళిపోయే రేణువుల కోసం ప్రయత్నిస్తున్నాం. ఇంతవరకు కుదరలేదు. వెలుగు తగ్గుతోంది, లేదా రేణువు మిగిలిపోతోంది. చేస్తున్నాం.

మరుసటి నెల ఈరక్క తనిఖీకి వచ్చింది, కొడుకును వెంటబెట్టుకుని. పరీక్షలన్నీ మంచిగానే వచ్చాయి. చేతికి మర్దన నేర్పించి, తొడుక్కోవడానికి బిగుతు తొడుగు ఇచ్చారు. నేను మాత్రలు తెచ్చి ఇద్దామని హాల్లోకి వెళ్ళేసరికి ఆమె తన కుర్చీలో లేదు. అవతలి వరసలో, మడకశిర వైపు నుంచి వచ్చిన ఒకామె పక్కన కూర్చుని ఉంది. ఆమెకు మర్నాడు ఆపరేషన్. చేతిలో కాగితాలు నలిపేస్తోంది. నేను వెనకే ఆగిపోయాను.

“నీకు గూడ రంగు మందు ఎక్కిస్తారా?” అని అడుగుతోంది ఈరక్క.

“ఏమో అక్కా, ఏందో చెప్పినారు. నాకు సరిగ్గా తెలీలేదు.”

“చర్మం పచ్చగా అవుతాది. భయపడద్దు, పోతాది. ఇంట్లో చిన్నబిడ్డలు ఉండారా?”

“మనవడు. మూడు నెలలు.”

“ఇంటికి పోతానే ఎత్తుకో” అంది ఈరక్క, ఆమె చేతిలోని కాగితాలు తీసి మోకాలి మీద చదును చేస్తూ. “ఏమీ గాదు. వీళ్ళు ఆ మాట చెప్పేది మర్చిపోతే మర్చిపోతారు. అందుకని నేను చెప్తాండా.”